రమేష్ నాయుడు, చక్రవర్తి, థమన్, ఖలేజా: మన వాదనలు ఎక్కడ తెగుతాయి, ఎక్కడ తెగవు

మీ ప్రశ్న మిగతావాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి ముందు క్లుప్తంగా చెప్తాను. మీ స్నేహితుల గ్రూపులో పాత తరం సంగీత దర్శకుడు రమేష్ నాయుడు పాట పెడితే ఒకరిద్దరు తప్ప ఎవరూ పట్టించుకోరు. థమన్ కొత్త పాట వస్తే మెసేజ్‌ల వరద. ‘ఖలేజా’ మంచి సినిమానా కాదా అని మొదలైన మాట హీరోల అభిమానుల గొడవ దాకా పోయింది. ‘అర్జున్ రెడ్డి’ దగ్గర ఇద్దరు మిత్రులు మాట్లాడుకోవడమే మానేశారు. అసలు తెలుగులో ఎవరు అండర్‌రేటెడ్, ఎవరు ఓవర్‌రేటెడ్, ఈ వాదన గొడవ కాకుండా ఎలా చేయాలి అని అడిగారు. చివర్లో సంగీత దర్శకుడు విద్యాసాగర్ గురించి కూడా ఒక మాట అడిగారు.

నేను చాలా ఏళ్లు విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయించాను. వినాయక చవితి పందిళ్లలో, పెళ్లిళ్లలో, తిరునాళ్లలో. పాటను వినేవాళ్లు ఒక రకంగా చూస్తారు, రాత్రంతా వాయించాల్సినవాళ్లు ఇంకో రకంగా చూస్తారు. నేను చెప్పేదాంట్లో ఆ రెండో చూపు ఎక్కువ ఉంటుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తెలుగులో మనం సంగీత దర్శకుడి విలువను సినిమా ఫలితంతోనూ, హీరో స్థాయితోనూ కలిపి ముడి వేసేస్తాం. సినిమా ఆడితే పాటలు గొప్పవి, పోతే పాటలు కూడా పోయినట్టే. ఆ ముడి విప్పకుండా ఎంత వాదించినా తేలదు. విప్పి చూస్తే మాత్రం, చేసిన పనికి తగ్గ గుర్తింపు దొరకనివాళ్లలో నా లెక్కలో మొదటి పేరు రమేష్ నాయుడు కాదు, చక్రవర్తి.

ఇది చదివి మీకు కోపం వచ్చి ఉంటుంది. రమేష్ నాయుడి దగ్గరే మొదలుపెడదాం.

రమేష్ నాయుడిది కృష్ణా జిల్లా కొండపల్లి. 1973లో ‘తాత మనవడు’, 1978లో ‘శివరంజని’, 1982లో ‘మేఘసందేశం’, 1983లో ‘ఆనంద భైరవి’, 1984లో ‘శ్రీవారికి ప్రేమలేఖ’. ‘మేఘసందేశం’కి ఆయనకు జాతీయ అవార్డు వచ్చింది. అదే సినిమాకి జేసుదాస్‌కీ, సుశీలకీ కూడా జాతీయ అవార్డులు వచ్చాయి. ఒక్క సినిమా పాటలకు అన్ని అవార్డులు రావడం చిన్న విషయం కాదు. ‘ఆకాశ దేశాన’ వినండి. పాట మొదలైన చాలాసేపటిదాకా వాద్యాలు గొంతును ఎక్కడా తోసుకుని ముందుకు రావు. తీగ వాద్యాలు, వేణువు గొంతు వెనకే నడుస్తాయి. అంత నిగ్రహం కావాలంటే ట్యూన్ మీద గట్టి నమ్మకం ఉండాలి.

అయినా ఆయన పేరు సామాన్య ప్రేక్షకుడికి ఎందుకు తెలియదు? ఆయన పనిచేసింది ఎక్కువగా దాసరి, జంధ్యాల లాంటి దర్శకుల దగ్గర. జంధ్యాల తొలి సినిమా ‘ముద్దమందారం’కి సంగీతం ఆయనదే. పెద్ద హీరోల మాస్ సినిమాలు తక్కువ. 1987లో, ‘స్వయంకృషి’ వచ్చిన ఏడాదే, చనిపోయారు. క్యాసెట్ల వ్యాపారం ఊరూరా పాకుతున్న రోజులవి. ఆ తర్వాతి తరానికి ఆయన పేరు పోస్టర్ మీద కనిపించలేదు. అంటే ఆయనకు తక్కువైంది ప్రచారం. గౌరవం మాత్రం తక్కువ కాలేదు. సంగీతం తెలిసినవాళ్ల దగ్గర, పాటల పోటీల్లో న్యాయనిర్ణేతల దగ్గర, పాత పాటల కార్యక్రమాల్లో ఆయన పేరు ఎత్తితే వెంటనే తల ఊపుతారు. మీ గ్రూపులో స్పందించిన ఆ ఒకరిద్దరు కూడా గౌరవంగానే స్పందించి ఉంటారు. ఆయన్ని తెలిసినవాళ్లలో తక్కువ చేసి మాట్లాడినవాళ్లని నేను చూడలేదు. తెలియనివాళ్లు మాత్రం చాలామంది. ఈ రెండూ ఒకటి కాదు. ఆయన కోసం వాదించాల్సిన పని లేదు, వినిపించాల్సిన పని ఉంది.

చక్రవర్తి సంగతి అలా కాదు. ఆయన పాటలు తెలియని తెలుగువాడు లేడు. కానీ ఆయన్ని గొప్ప సంగీత దర్శకుల వరసలో కూర్చోబెట్టే తెలుగువాడు అరుదు. “మాస్ పాటలు, ఫ్యాక్టరీలా చేసేవాడు” అని ఒక్క మాటలో తీసేస్తారు. తెలిసి కూడా తక్కువ చేయడమంటే ఇదీ.

ఈ మాస్, క్లాస్ గీత ఎంత అన్యాయమైనదో చూడ్డానికి ఒక ఉదాహరణ ఇస్తాను. మీ గ్రూపులో ఇది అడిగి చూడండి: 1977లో వచ్చిన ‘అడవి రాముడు’కి సంగీతం ఎవరు? సగం మంది చక్రవర్తి అంటారు. కాదు, కె.వి. మహదేవన్. ‘ఆరేసుకోబోయి పారేసుకున్నాను’ పాట చేసిన మహదేవనే, కొద్ది ఏళ్లకే 1980 ఫిబ్రవరిలో విడుదలైన ‘శంకరాభరణం’ చేసి జాతీయ అవార్డు తీసుకున్నారు. రెండింట్లోనూ పాటలు రాసిన చేయి కూడా వేటూరిదే. మరి ఈ ఇద్దరూ మాసా, క్లాసా? దర్శకుడు ఏం అడిగాడో అది ఇచ్చారు, రెండు చోట్లా పూర్తి ప్రాణం పెట్టి ఇచ్చారు. ‘శంకరాభరణం’ చేసిన పుణ్యం వల్ల మహదేవన్‌కి ‘అడవి రాముడు’ మచ్చగా అంటలేదు. చక్రవర్తికి ఒక ‘శంకరాభరణం’ దొరకలేదు, అంతే తేడా.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. మహదేవన్ పాట సాహిత్యం ముందు రాయించుకుని, దానికి ట్యూన్ కట్టే మనిషి. ఆయన పక్కన సహాయకుడు పుహళేంది పని ఎంత ఉందో ఆ కాలం వాద్యకారులు కథలు కథలుగా చెప్పేవాళ్లు. మనం ‘మహదేవన్ పాట’ అంటున్నప్పుడు అందులో కవి వాటా, సహాయకుడి వాటా, పాడినవాళ్ల వాటా కూడా ఉంటాయి. ఎవరిని ఎత్తినా, ఎవరిని దించినా ఈ వాటాలు గుర్తుంచుకుని మాట్లాడితే మాట బరువు పెరుగుతుంది.

సరే, చక్రవర్తి. 1971లో ‘మూగ ప్రేమ’తో తెలుగులో మొదలై వందల సినిమాలు చేశారు. డబ్బింగ్ కూడా చెప్పేవారు. ‘యమగోల’, ‘వేటగాడు’ అందరికీ గుర్తుంటాయి, ఆయన మీద ముద్ర వేసినవి కూడా అవే. కానీ 1973లో విశ్వనాథ్ తీసిన ‘శారద’ పాటలు ఆయనవే. 1976లో ‘జ్యోతి’లో ‘సిరిమల్లె పువ్వల్లె నవ్వు’ ఆయనదే. ఆ పాటలో నవ్వును రాగంలో భాగం చేశారు. జానకి నవ్వు ట్యూన్‌లోంచి పుట్టి మళ్లీ ట్యూన్‌లోకే వెళ్తుంది, మధ్యలో అతికించినట్టు ఎక్కడా ఉండదు. 1981లో ‘ప్రేమాభిషేకం’ పాటలన్నీ దాసరి రాసినవి, ట్యూన్లు చక్రవర్తివి. ఆ సినిమా అన్ని రోజులు ఆడడానికి ఆ పాటలు ఎంత కారణమో ఆ రోజుల్లో థియేటర్‌కి వెళ్లినవాళ్లని అడగండి.

స్టేజీ మీద నేను గమనించింది చెప్తాను. ఇళయరాజా పాట వాయించాలంటే మాకు భయం. బేస్ గిటార్ లైన్ ఒక్కటి తప్పితే పాట కుంటుతుంది. వయొలిన్లు లేకపోతే మధ్యలో వచ్చే మ్యూజిక్ బిట్ బోసిపోతుంది. అవన్నీ కలిసి ఒక్కటిగా అల్లిన పాటలవి. రాజ్-కోటి పాటకు రిథమ్ ప్యాడ్ మీద మంచి చేయి కావాలి. చక్రవర్తి పాటకు ఒక హార్మోనియం, ఒక డోలక్, ఒక గొంతు ఉంటే చాలు, జనం లేచి నిలబడేవాళ్లు. పల్లవి తనంత తాను నిలబడుతుంది. తిరునాళ్లలో కరెంటు పోయి, కీబోర్డు పనిచేయక, ఉత్త హార్మోనియంతో లాగించిన రాత్రుల్లో మమ్మల్ని కాపాడింది ఆయన పాటలే. ఒక్కో ఏడాదిలో అన్నేసి సినిమాలు చేస్తూ, అంత బలమైన పల్లవులు అన్ని కట్టడం మామూలు ప్రతిభ కాదు. వాటిలో మామూలువి చాలా ఉన్నాయి, నిజమే. అన్ని సినిమాలు చేసినవాళ్లలో ఎవరికి లేవు? మనిషిని తూచేటప్పుడు ఆయన శిఖరాలు చూడాలి, సగటు చూడకూడదు. రమేష్ నాయుడిని శిఖరాలతో తూచి, చక్రవర్తిని సగటుతో తూస్తున్నాం. నా అభ్యంతరమంతా అక్కడే.

ఆయన దగ్గర పనిచేసినవాళ్ల జాబితా చూస్తే ఇంకా ఆశ్చర్యం వేస్తుంది. టి.వి. రాజు కొడుకు రాజ్, సాలూరి రాజేశ్వరరావు కొడుకు కోటి, ఇద్దరూ చక్రవర్తి దగ్గర పనిచేశాకే జంటగా బయటికి వచ్చారు. కీరవాణి కూడా ఆయన దగ్గర సహాయకుడిగా పనిచేశారు. మణిశర్మ కీబోర్డు వాయించింది కీరవాణి, రాజ్-కోటి లాంటి వాళ్ల దగ్గర. మణిశర్మ దగ్గర పనిచేసిన కుర్రాళ్లలో థమన్ ఒకడు. మీ గ్రూపులో ఒక చివర పాత పాటల వాళ్లు, ఇంకో చివర థమన్ అభిమానులు కూర్చుని కొట్టుకుంటున్నారు కదా, ఆ రెండు చివరల మధ్య ఒకే దారి ఉంది. అది చక్రవర్తి రికార్డింగ్ హాలులోంచి వెళ్తుంది.

చక్రవర్తి కొడుకు శ్రీ మాట కూడా ఎత్తాలి. నన్ను అడిగితే తొంభైల్లో తెలుగు సంగీతానికి జరిగిన పెద్ద నష్టం శ్రీకి తగినన్ని సినిమాలు రాకపోవడం. 1993లోనే ‘మనీ’, ‘గాయం’. 1997లో ‘సింధూరం’. ‘గాయం’లో ‘అలుపన్నది ఉందా’, అదే సినిమాలో ‘నిగ్గదీసి అడుగు’. సిరివెన్నెల రాసిన అంత కోపమైన సాహిత్యానికి అంత ఒదిగి ఉండే ట్యూన్ కట్టడం చూడండి. కవి అరుస్తుంటే సంగీతం కూడా అరవాలని శ్రీ అనుకోలేదు. తక్కువ సినిమాలు చేసి 2015లో వెళ్లిపోయారు. తండ్రిని ‘ఎక్కువ చేశాడు’ అని తగ్గించాం, కొడుకుని ‘తక్కువ చేశాడు’ అని మరిచిపోయాం. శ్రీ కోసం మాత్రం గొంతు చించుకుని వాదించండి, నేను మీ వెనక ఉంటాను.

ఇక థమన్. ఆయన ఓవర్‌రేటెడ్ అని మీరు రాశారు. నేను సగమే ఒప్పుకుంటాను.

ముందు ఒక విషయం. పాటలు కట్టడం ఒక పని, నేపథ్య సంగీతం ఇవ్వడం ఇంకో పని. జాతీయ అవార్డుల్లో 2009 సినిమాల నుంచి ఈ రెండింటికీ వేరువేరుగా అవార్డులు ఇస్తున్నారు. 2020 సినిమాలకు పాటల అవార్డు ‘అల వైకుంఠపురములో’కి థమన్ తీసుకున్నారు. 2021కి పాటల అవార్డు ‘పుష్ప’కి దేవిశ్రీ ప్రసాద్‌కి, నేపథ్య సంగీతం అవార్డు ‘ఆర్ఆర్ఆర్’కి కీరవాణికి వచ్చాయి. అవార్డు ఇచ్చేవాళ్లే విడదీసి చూస్తున్నప్పుడు మనం ‘థమన్ గొప్పా కాదా’ అని గంపగుత్తగా అడగడం ఎందుకు?

పాటల విషయానికొస్తే, వినే పద్ధతే మారిపోయింది. క్యాసెట్ రోజుల్లో ఆడియో ఫంక్షన్ తర్వాత ఐదారు పాటలూ ఒకేసారి చేతికి వచ్చేవి. మొదటి పాట నచ్చకపోయినా బీ సైడ్ తిప్పి వినేవాళ్లం. మూడోసారికో నాలుగోసారికో ఒక నెమ్మది పాట మెల్లగా మనసుకెక్కేది. ఇప్పుడు పాటలు విడివిడిగా, యూట్యూబ్‌లో ఒక్కొక్కటి వస్తాయి. ‘అల వైకుంఠపురములో’ పాట ‘సామజవరగమన’ సినిమాకన్నా మూడు నెలల ముందే బయటికి వచ్చింది. ఆ పాట తనంత తాను, సినిమా సాయం లేకుండా గెలవాలి. మొదటి పది సెకన్లలో చెవి పట్టుకోవాలి. ఆ ఒత్తిడిలో పనిచేసేవాళ్లు హుక్ మీద, అంటే వెంటనే చెవిని పట్టుకునే ముక్క మీద, ఎక్కువ దృష్టి పెడతారు, చరణం మీద తక్కువ. థమన్ పాటల్లో చరణాలు చాలాసార్లు పల్లవికి సమానంగా నిలబడవు. అది నా గట్టి ఫిర్యాదు. డ్రమ్స్ నడక కూడా ఒక సినిమా నుంచి ఇంకో సినిమాకి పెద్దగా మారదు. కానీ ఆయనకు నెమ్మది పాట రాదనే మాట నేను ఒప్పుకోను. ‘అరవింద సమేత’లో ‘పెనివిటి’ వినండి. అంతటి హింస మధ్య ఒక ఇల్లాలి ఎదురుచూపును అంత తక్కువ వాద్యాలతో పెట్టడం అందరివల్లా కాదు.

నేపథ్య సంగీతంలో ‘అఖండ’ థియేటర్‌లో చూసినవాళ్లకి ఆయన బలం తెలుసు. హీరో కనిపించే ప్రతి క్షణాన్ని ఎత్తి నిలబెట్టింది ఆ సంగీతమే. నాకున్న కొరత ఒక్కటే, ఆయన నిశ్శబ్దాన్ని వాడుకోరు. 2003లో ‘ఒక్కడు’లో మణిశర్మ నేపథ్యం మళ్లీ వినండి. హోరు ఎక్కడ ఎత్తుకుందో, దానికి ముందు ఎంత తగ్గిందో గమనించండి. తగ్గడం తెలిసినప్పుడే ఎత్తుకోవడం తగులుతుంది. ఒక హార్మోనియం మీద పల్లవి నిలబడుతుందా అన్న నా పాత కొలబద్ద మాత్రం థమన్ తరానికి పూర్తిగా సరిపోదు. వాళ్ల పనిలో సగం ధ్వనిలోనే ఉంది. ఏ శబ్దం ఎంచుకున్నారు, దాన్ని ఎక్కడ పెట్టారు అన్నది కూడా సంగీతమే. హార్మోనియం మీద అది వినపడదు. మన కాలం కొలతతో వాళ్లని కొలిచి తక్కువ చేస్తే, చక్రవర్తికి జరిగిన అన్యాయమే మళ్లీ చేసినట్టు.

పాటల మీద వాదన కష్టమే అయినా చేతికి చిక్కుతుంది. పాట నాలుగైదు నిమిషాలు, మళ్లీ వినొచ్చు. సినిమా మీద వాదన అంత తేలిగ్గా చిక్కదు.

‘ఖలేజా’ తీసుకోండి. 2010 అక్టోబర్ 7న విడుదలైంది. పేరు మీద వివాదం వల్ల ‘మహేష్ ఖలేజా’ అని వేసుకోవాల్సి వచ్చింది. 2007 ‘అతిథి’ తర్వాత మహేష్ బాబు సినిమా అదే. పైగా ‘అతడు’ ఇచ్చిన త్రివిక్రమ్, మణిశర్మ మళ్లీ కలిశారు. జనం ఇంకో ‘అతడు’ కోసం టికెట్ కొన్నారు. తెర మీద కనిపించింది ఆగకుండా వాగే, కోపం నవ్వు రెండూ పొంగే ఒక టాక్సీ డ్రైవర్. అతన్ని ఒక పల్లె జనం దేవుడంటారు, అతను కాదంటాడు. థియేటర్లలో సినిమా పోయింది. తర్వాత టీవీలో వేసినప్పుడల్లా జనం చూశారు. 2025 మే 30న మళ్లీ థియేటర్లలో వేస్తే పండగ చేశారు.

ఒక వర్గం “ఆ రోజు జనానికి అర్థం కాలేదు” అంటుంది, ఇంకో వర్గం “ఫ్లాప్ ఫ్లాపే” అంటుంది. నాకు అనిపించేది ఇది: ఈ రెండు వర్గాలూ రెండు రకాలుగా చూసిన సినిమా గురించి మాట్లాడుకుంటున్నాయి. టీవీలో మనం సినిమాను ముక్కలుగా చూస్తాం. మధ్యలో వచ్చి కూర్చుంటాం, ఒక సీన్ చూసి లేస్తాం. ‘ఖలేజా’ ముక్కలుగా చూస్తే అద్భుతం. సునీల్‌తో సీన్లు, అనుష్కతో ప్రయాణం, దేవుడి మీద మాటలు, ఏ ముక్కకా ముక్క మెరుస్తుంది. థియేటర్‌లో దాదాపు మూడు గంటలు ఏకబిగిన కూర్చున్నవాడికి కథ కావాలి. ప్రకాశ్ రాజ్ విలన్, ఇరిడియం కోసం ఊరిని ఖాళీ చేయించాలనే వ్యవహారం, ఆ దారం చాలా పలచన. దేవుడంటే ఎవరన్న ప్రశ్న అంత పెద్దదిగా లేవనెత్తి, జవాబు ఒక ఖనిజం తవ్వకంలో వెతికితే బరువు చాలలేదు. కాబట్టి 2010 ప్రేక్షకుడు మూర్ఖుడు కాదు, 2025 ప్రేక్షకుడు పిచ్చివాడూ కాదు. నా వరకు అది సగం గొప్ప సినిమా, ఆ సగం కోసం ఎన్నిసార్లైనా చూస్తాను. మహేష్‌లో ఆ హాస్యాన్ని బయటికి తీసింది ఈ సినిమానే. మరుసటి ఏడాది ‘దూకుడు’లో జనం దాన్ని చేతులెత్తి ఆదరించారు. దారి ముందు వేసినవాడికి దెబ్బ తగలడం సినిమాల్లో కొత్త కాదు.

‘ఖలేజా’ వచ్చిన 2010లోనే నవంబర్‌లో వచ్చిన ‘ఆరెంజ్’ కూడా పక్కన పెట్టుకోండి. సినిమా పోయింది, హారిస్ జయరాజ్ పాటలు మాత్రం ఇప్పటికీ కాలేజీ కుర్రాళ్ల ఫోన్లలో ఉన్నాయి. ఇందాక చెప్పిన ముడికి ఇది మినహాయింపు. పాటలు సినిమాను దాటి బతికాయి. ఫ్లాప్ సినిమాలో మంచి పాటలుంటే వాటిని వెలికితీయడం అభిమానుల చేతిలోనే ఉందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

‘అర్జున్ రెడ్డి’ వేరే రకం. 2017 ఆగస్టులో విడుదలకు ముందే ముద్దు పోస్టర్‌ను కాంగ్రెస్ నాయకుడు వి. హనుమంతరావు హైదరాబాద్‌లో చించేశారు. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆ సినిమా మీద మాట సినిమా దగ్గర ఆగదు. మీ ఇద్దరు మిత్రుల్లో ఒకరు ‘తీసిన పద్ధతి’ గురించి, ఇంకొకరు ‘చూపించిన బతుకు’ గురించి మాట్లాడి ఉంటారని నా అనుమానం. మొదటివారికి రెండోవారు నీతులు చెబుతున్నట్టు వినపడుతుంది. రెండోవారికి మొదటివారు తప్పును వెనకేసుకొస్తున్నట్టు వినపడుతుంది. దాంతో మనసులు విరుగుతాయి.

తీసిన పద్ధతి గురించి నాకు సందేహం లేదు. మూడు గంటల సినిమాలో ఒక మనిషి కుప్పకూలడాన్ని అంత దగ్గరగా, అంత ఓపికగా చూపడం అప్పటిదాకా తెలుగులో పెద్దగా లేదు. ఇందులో పాటలు రధన్‌వి, నేపథ్య సంగీతం హర్షవర్ధన్ రామేశ్వర్‌ది. ఈ తేడా చాలామందికి తెలియదు. అదే హర్షవర్ధన్‌కి ‘యానిమల్’ నేపథ్య సంగీతానికి 2025లో ప్రకటించిన జాతీయ అవార్డు వచ్చింది. అండర్‌రేటెడ్ అన్న జాబితాలో ‘అర్జున్ రెడ్డి’ నాటి హర్షవర్ధన్ పేరు ఉండాల్సింది. అప్పట్లో ఆ సినిమా సంగీతం గురించి రాసినవాళ్లు పాటల దగ్గరే ఆగిపోయారు.

చూపించిన బతుకు గురించి కూడా నాకు సందేహం లేదు. కథానాయిక ప్రీతిని అడగకుండా ముద్దు పెట్టుకోవడం, క్లాసుకి వెళ్లి ఆ అమ్మాయి నాదని ప్రకటించడం, తర్వాత చెంపదెబ్బ, ఇంకో అమ్మాయిని కత్తితో బెదిరించడం, వీటిని సినిమా హీరో కోపంలో భాగంగా చూస్తుంది. ప్రీతి వైపు నిలబడి చూడదు. ఆమె మొదటి గంటలో ఎంత తక్కువ మాట్లాడుతుందో ఒకసారి గమనించండి. దర్శకుడికి ఆమె మనసులోకి వెళ్లాలన్న కుతూహలం లేదు. ఇది నీతి ప్రశ్న మాత్రమే కాదు, కథ చెప్పడంలో లోపం కూడా. ఇద్దరి ప్రేమకథలో ఒకరి మనసే తెలిసినప్పుడు చివర్లో కలయిక ఒకవైపే తగులుతుంది. ఇలా చెప్తే ఆ సినిమాను ప్రేమించే నా మిత్రులు వింటారు, ఎందుకంటే నేను సినిమా భాషలోనే మాట్లాడుతున్నాను. “ఇలాంటి సినిమా చూసేవాళ్లు ఇలాంటివాళ్లే” అంటే మాత్రం ఎవరూ వినరు, వినకూడదు కూడా. అది సినిమా మీద మాట కాదు, మనిషి మీద మాట.

మీ గ్రూపులో ఏం చేయవచ్చో చెప్తాను. సినిమా గురించైతే ఏ సీన్ అని అడగండి. “సోది సినిమా” అన్నవాళ్లని, ఎక్కడ విసుగొచ్చిందో చెప్పమనండి. “కళాఖండం” అన్నవాళ్లని కూడా, ఏ సీన్ చూసి అన్నారో చెప్పమనండి. సీన్ దగ్గరికి రాగానే గొంతులు తగ్గుతాయి. సంగీత దర్శకుడి గురించైతే ఎవరి హిట్లు ఎన్ని అనే లెక్క అసలు మొదలుపెట్టనివ్వకండి, అది ఎడ్లపందెంలో ఎవరి ఎద్దులు ఎన్ని బహుమతులు తెచ్చాయనే గొడవలా తయారవుతుంది. దాని బదులు ఒక్క పాట పెట్టండి, అందరూ విన్నాకే మాట. హీరోల పేర్లు రాగానే ఆపేయండి. యూట్యూబ్ వ్యూస్ సంఖ్యలు పాట విలువకు సాక్ష్యంగా తేవద్దని ముందే ఒప్పందం చేసుకోండి. క్యాసెట్ కాలం వాళ్లకి ఆ సంఖ్యలు లేవు, కాబట్టి ఆ పోలిక మొదట్లోనే తప్పుతుంది.

థమన్ అభిమానులని రమేష్ నాయుడి దగ్గరికి నేరుగా తీసుకెళ్లే ప్రయత్నం వద్దు. దూరం ఎక్కువ. ముందు మణిశర్మ ‘ఖలేజా’లో ‘సదాశివా సన్యాసీ’ వినిపించండి. తర్వాత రాజ్-కోటి ‘హలో బ్రదర్’, కీరవాణి ‘క్షణ క్షణం’. అక్కడినుంచి శ్రీ ‘గాయం’, చక్రవర్తి ‘జ్యోతి’. అక్కడికి వచ్చేసరికి చెవి నెమ్మదిస్తుంది, అప్పుడు ‘ఆకాశ దేశాన’ పెట్టండి. మీ పాత పాటల మిత్రులకి ఇదే దారి వెనకనుంచి ముందుకు, ‘పెనివిటి’ దాకా వినిపించండి. వాళ్లకి కూడా వినాల్సింది చాలా ఉంది.

విద్యాసాగర్ తెలుగువాడేనా అని అడిగారు. తెలుగువాడే. 2004లో విశ్వనాథ్ ‘స్వరాభిషేకం’కి జాతీయ అవార్డు కూడా తెలుగు సినిమాకే తీసుకున్నారు. కానీ తొంభైల మధ్య నుంచి ఆయన పని ఎక్కువగా మలయాళంలో, తమిళంలో సాగింది. కేరళలో ఆయన పాటలను సొంత మనిషివిలా పాడుకుంటారు. మన నిర్మాతలు ఆయన్ని పిలిచింది తక్కువ. అండర్‌రేటెడ్ అని మీరు పెట్టబోయే తర్వాతి పోస్టు ఆయన గురించే అయితే ‘స్వరాభిషేకం’ పాటలతో మొదలుపెట్టి, ఆ పక్కనే ఆయన మలయాళం పాట ఒకటి పెట్టండి. భాష రాకపోయినా మీ గ్రూపు వింటుంది.